గాలిమర హబ్ పోయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇనుము కరిగించి గాలిమరల హబ్‌లు పోసే ఫౌండ్రీలో చేరబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి గర్వమూ భయమూ కలిసి నన్ను మండపేట ఇంట్లో స్థిమితంగా కూర్చోనివ్వడం లేదు. తోలు బూట్లు వేసుకోమని, తడి పనిముట్టును కరిగిన లోహం దగ్గరికి తీసుకుపోవద్దని అక్కడివారే చెబుతారు.

నువ్వు పుట్టకముందు, 1996 నవంబరు తుఫానులో, కోనసీమ కొబ్బరి తోటలను గాలి ఒక్క రాత్రిలో పడగొట్టింది. మూడు రెక్కలను పట్టుకునే హబ్‌ది అలాంటి చావు కాదు. ప్రతి తిరుగుడుకూ మారే బరువును అది ఇరవై ఏళ్లు మోయాలి. పగులు చిన్న లోపం దగ్గరే పుడుతుంది కనుక, ఆ ఇనుములోని కార్బన్, అంటే గ్రాఫైట్, పొరలుగా కాక గోళాలుగా ఉండాలి. ఆ గుండ్రదనాన్ని ఇచ్చే మెగ్నీషియం సుమారు 1,090 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుమేమో 1,400 దాటి ఉంటుంది. అందుకే కలిపిన క్షణం నుంచే అది తరిగిపోతూ ఉంటుంది.

నేను కొత్తగా సూపర్‌వైజర్‌నైన రోజుల్లో, ఒక రాత్రి బేరింగ్ కూర్చునే పెద్ద గూడు, అదే బేరింగ్ హౌసింగ్, పోయవలసి ఉండగా, మెగ్నీషియం కలిపి పరీక్ష ముక్క పోశాక క్రేన్ మొరాయించింది. పది నిమిషాల్లో పోయాలన్నది మా షాపు నియమం. గడియారం ఇరవై దాటింది. ఆ లోహాన్ని దిమ్మెలుగా పోసి మళ్లీ కరిగిద్దామని ముసలి మేస్త్రీ బతిమాలినా, అన్ని టన్నులు వృథా చేశానన్న మాట పడలేక అచ్చులోనే పోయించాను. పైగా క్రేన్ ఆగకముందు పోసిన ముక్కనే ల్యాబుకు పంపాను. అందులో గోళాలు ముత్యాల్లా ఉన్నాయి. హౌసింగ్‌లో మాత్రం అల్ట్రాసానిక్ పరీక్షలో ధ్వనివేగం తగ్గింది, కోసి చూస్తే గోళాల చోట పురుగుల్లాంటి గ్రాఫైట్ కనిపించింది. అచ్చు సరిగా కట్టలేదని పైవాళ్లు ఆలమూరు కుర్రాడొకణ్ణి పనిలోంచి తీసేశారు. రోజూ నా పక్కనే క్యారేజీ విప్పిన పిల్లవాడు. నేను నోరు మెదపలేదు. ఈనాటికీ ఆలమూరు మీదుగా బస్సు పోతుంటే కిటికీలోంచి చూడలేను.

కాబట్టి పరీక్ష ముక్కను ఆఖరి లోహంతోనే పోయించు, మెగ్నీషియం కలిపిన నిమిషాన్నీ పోత ముగిసిన నిమిషాన్నీ నీ చేత్తోనే రాసుకో. ఆలస్యమైతే దిమ్మెలుగా పోయించెయ్యి. తిట్లు తిను, ఏమీ కాదు. హబ్ మందం ఎక్కువ కనుక రోజుల తరబడి అచ్చులోనే చల్లారాలి, డిస్పాచ్ వాళ్లు తొందరపెట్టారని ముందే విప్పించకు. చదువుకున్నవాడివి, మామయ్య చాదస్తమని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ ఆ రెండు నిమిషాలూ రాయడం మాత్రం మానకు.

మెగ్నీషియం కలిపేటప్పుడు లేచే తెల్లటి వెలుగు సంగతి మీ అమ్మకు చెప్పవద్దు. ఆమెకు నువ్వు ఆఫీసులో కూర్చుంటావనే చెప్పాను.

మీ మామయ్య