ఏ తెర మీద ఏ పుస్తకం?

ఇ-పుస్తకాలు చదివే తెరల గురించి బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్ని ఈసారి.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ఆయన చదివేవన్నీ పాత తెలుగు పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు. కళ్ళకు మంచిదని 6 అంగుళాల ఇ-ఇంక్ (కాగితంలా కనిపించే తెర) రీడర్ కొనిచ్చాం. అక్షరాలు ఆనడం లేదని పక్కన పెట్టేశారు. బదులుగా ట్యాబ్లెట్ కొనమంటారా?
- మారతహళ్ళి పాఠకురాలు

జవాబు: ఇక్కడ ఇబ్బంది తెర రకంతో కాదు, తెర కొలతతో. డెమీ సైజు పుస్తకంలో పేజీ సుమారు 14 × 21.5 సెం.మీ. ఉంటుంది. అంచులు పోను అచ్చు భాగం 10.5 × 17 సెం.మీ. దాకా వస్తుంది. మీ రీడర్ తెర 9 × 12 సెం.మీ. మాత్రమే. పేజీ మొత్తాన్ని అందులో ఇరికిస్తే అక్షరం అచ్చులో ఉన్నదానిలో సగానికి కాస్త పైన మిగులుతుంది. స్కాన్ పేజీ అంటే బొమ్మ కాబట్టి ఫాంటు సైజు పెంచినా అక్షరం పెరగదు. పైగా మన లిపిలో ద, ధ, థల తేడా ఒక చిన్న గీతలో, ఒక చుక్కలో ఉంటుంది. ఒత్తులు సరేసరి, అసలక్షరం కంటే ఎప్పుడూ చిన్నవే. కుదించగానే ముందు మాయమయ్యేవి ఇవే.

కొత్తది కొనేముందు ఉన్నదాంతో ఒక ప్రయత్నం చేయండి. రీడర్‌లో అంచులు కత్తిరించే వీలుంటే తెల్ల అంచులు తీసేసి, తెరను అడ్డంగా తిప్పండి. ఇప్పుడు వెడల్పు 12 సెం.మీ. అవుతుంది కాబట్టి 10.5 సెం.మీ. అచ్చు అసలు కంటే కొంచెం పెద్దగానే కనిపిస్తుంది. పేజీని రెండు మూడు విడతలుగా కిందికి జరుపుకోవాలి, అంతే. పాత కాగితం పసుపు ఇ-ఇంక్ మీద బూడిదరంగుగా మారి అక్షరాన్ని మింగేస్తుంది. కాంట్రాస్ట్ పెంచితే ఆ మసక పోతుంది. రీడర్‌లో ఈ వీలు లేకపోతే కె2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోనే అంచులు కత్తిరించి ఎక్కించవచ్చు. దాన్ని కత్తిరింపు వరకే వాడండి. మాటలను విడదీసి పంక్తులు తిరిగి పేర్చే సదుపాయం కూడా అందులో ఉంది గానీ, అది పంక్తుల మధ్య తెల్లటి ఖాళీని చూసి కోస్తుంది. తెలుగులో ఆ ఖాళీని ఒత్తులు, గుడులు ఆక్రమించుకుంటాయి కాబట్టి కోత తప్పుతుంది.

అలా కూడా ఆయనకు విసుగనిపిస్తే ట్యాబ్లెటే కొనండి. 10.3 అంగుళాల ఇ-ఇంక్ తెర డెమీ పేజీని దాదాపు అసలు కొలతలోనే చూపిస్తుంది కానీ ధర ఎక్కువ. 10 నుంచి 11 అంగుళాల ఎల్‌సీడీ (వెనక దీపం వెలిగే మామూలు తెర) ట్యాబ్లెట్ కూడా ఇంచుమించు అంతే చూపిస్తుంది. రెండు వేళ్ళతో పేజీ పెంచుకుంటే ఇ-ఇంక్‌లా తడబడదు. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, తెర తెలుపు దానికంటే వెలగకుండా వెలుతురు తగ్గించండి. కాగితంలా అనిపించే గరుకు ఫిల్మ్ మాత్రం అతికించకండి. అది మెరుపును తగ్గిస్తుంది నిజమే, దాంతోపాటు ఒత్తుల అంచులను కూడా మసకబారుస్తుంది.

ప్రశ్న: రాత్రి లైటు ఆర్పి అమోలెడ్ (ప్రతి చుక్కా తనే వెలిగే తెర) ఫోనులో అరగంట చదివితే తలనొప్పి. ఆఫీసులో రోజంతా మానిటర్ చూసినా రాదు. ఎందుకు?
- వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: చాలా అమోలెడ్ తెరలు వెలుతురు తగ్గించాలంటే తమను తాము వేగంగా ఆర్పి వెలిగించుకుంటాయి. చాలా ఫోన్లలో ఇది సెకనుకు 240 సార్లు, కొన్నింట్లో 1,920 సార్లు, అంతకు పైన. తక్కువ వేగపు మినుకు కొందరికి పడదు. వెలుతురు తగ్గించే కొద్దీ ఆరి ఉండే సమయం పెరుగుతుంది, కాబట్టి చీకట్లోనే బాధ ఎక్కువ. మీ ఫోను సంగతి తెలుసుకోవాలంటే వెలుతురు 20 శాతానికి దించి, తెల్లటి పేజీ తెరిచి, ఇంకో ఫోనుతో స్లో మోషన్‌లో వీడియో తీయండి. నల్లటి పట్టీలు కదులుతుంటే మినుకు ఉన్నట్టే. అప్పుడు వెలుతురును సగానికి పైనే ఉంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి ఉన్న ఎక్స్‌ట్రా డిమ్ అనే సెట్టింగ్‌తో తగ్గించుకోండి. అది రంగులనే మసక చేస్తుంది తప్ప మినుకును పెంచదు.

నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టుకుంటే వెంటనే మార్చండి. చీకట్లో కనుపాప విచ్చుకుని తెల్ల అక్షరం చుట్టూ వెలుగు చిమ్మినట్టు కనిపిస్తుంది, ఆస్టిగ్మాటిజం (అక్షరాలు చెదిరి కనిపించే చూపు లోపం) ఉన్నవారికి మరీ ఎక్కువ. లేత గోధుమరంగు నేపథ్యం, గదిలో ఒక చిన్న దీపం మేలు. ఫోను 40 సెం.మీ. దూరంలో పట్టుకోండి. ఆ దూరంలో అక్షరం ఆనకపోతే ఫాంటు పెంచండి, ఫోనును దగ్గరకు లాక్కోకండి. ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ప్రశ్న: రోజూ పర్పుల్ లైన్ మెట్రోలో చదువుతాను. ఇ-ఇంక్ వల్ల నిజంగా తేడా ఉంటుందా?
- కె.ఆర్.పురం పాఠకురాలు

జవాబు: మీ ప్రయాణంలో చాలా ఉంటుంది. ఇ-ఇంక్ తెరలో నల్లటి, తెల్లటి రేణువులు విద్యుత్తుతో పైకీ కిందికీ కదిలి అక్షరం ఏర్పడుతుంది. బయటి వెలుతురే దాన్ని చూపిస్తుంది. పట్టాలు పైన ఉన్నంతసేపూ కిటికీ ఎండలో ఫోను వెలుతురును నిండా పెంచాలి, ఇ-ఇంక్‌కు ఆ అవసరమే లేదు. ఎంజీ రోడ్ దాటి కబ్బన్ పార్క్ దగ్గర సొరంగంలోకి దిగాక దాని ముందు దీపం కొద్దిగా వెలిగిస్తే చాలు. 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉన్నదే తీసుకోండి. పాత అక్షరాల నీడ మిగిలిపోతుంటే, పేజీ పూర్తిగా తుడిచే రిఫ్రెష్‌ను ఐదారు పేజీలకు ఒకసారి పెట్టుకోండి.

కొనేముందు ఒక తెలుగు ఇ-పబ్ పుస్తకాన్ని (స్కాన్ కాదు, అక్షరాలను పెంచుకోగలిగే ఫైలు) అందులో తెరవండి. స్త్రీ, రాష్ట్రం, సంస్కృతి అనే మూడు మాటలు వెతకండి. ఒత్తులు అక్షరం కింద కాక పక్కన విడిగా పడితే, ఆ పరికరం తెలుగుకు పనికిరాదు. ఫాంటు మార్చినా బాగుపడకపోవచ్చు, ఎందుకంటే అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే తప్పు ఉంటుంది.

ప్రశ్న: పిల్లల బొమ్మల పుస్తకాలకు కలర్ ఇ-ఇంక్ కొనవచ్చా?
- బీటీఎం లేఅవుట్ పాఠకుడు

జవాబు: బొమ్మల కోసమే అయితే వద్దు. కెలైడో 3 అనే కలర్ ఇ-ఇంక్ తెరలో నలుపు తెలుపు 300 పీపీఐ అయినా రంగు 150 పీపీఐ మాత్రమే. పైనున్న రంగుల వడపోత పొర వల్ల తెర మొత్తం కాస్త చీకటిగా కనిపిస్తుంది, దీపం ఎప్పుడూ వెలిగించి ఉంచాల్సి వస్తుంది. బొమ్మలకు ఎల్‌సీడీ ట్యాబ్లెట్ చాలు.