చుక్క పుట్టిందా, పొడిచిందా?

సందేహం: దూరపు గెలాక్సీలో సూపర్‌నోవా కనబడితే ఒక పత్రికలో ‘కొత్త నక్షత్రం పుట్టింది’ అని రాశారు. అది పుట్టుక కాదు, చావు అని మా అబ్బాయి అంటున్నాడు. ‘పుట్టింది’ తప్పయితే మరి ఏమనాలి? సూపర్‌నోవాను ‘నవతార’ అనవచ్చా?

సమాధానం: మీ అబ్బాయి మాటే నిజం. సూపర్‌నోవా అంటే నక్షత్రం పేలిపోవడం. అయితే ఈ పొరపాటు నిన్నటి విలేకరితో మొదలైంది కాదు. 1572 నవంబరులో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ కాసియోపియా నక్షత్ర మండలంలో అంతకుముందు లేని చుక్కను చూశాడు. మరుసటి ఏడు వేసిన లాటిన్ పుస్తకంలో దాన్ని ‘స్టెల్లా నోవా’, అంటే కొత్త చుక్క అన్నాడు. 1934లో ఖగోళ శాస్త్రవేత్తలు వాల్టర్ బాడె, ఫ్రిట్జ్ జ్వికీ మామూలు నోవాలతో, అంటే ఒక్కసారిగా వెలుగు పెరిగినా చావని చుక్కలతో, కలిసిపోకుండా ఆ మాటకు ముందు ‘సూపర్’ తగిలించారు. అది నక్షత్రం పేలుడు అని తెలిసినా ‘కొత్త’ అనే మాట అలాగే ఉండిపోయింది.

లాటిన్ నోవా, సంస్కృత నవ ఒక కుటుంబం మాటలే. కాబట్టి నవతార అనడంలో వ్యాకరణ దోషం లేదు. కానీ నవగ్రహాలు, నవరత్నాలు అలవాటైన చెవికి నవతారలంటే తొమ్మిది చుక్కలని తోస్తుంది. సూపర్‌నోవా అనే రాయండి, అందరికీ తెలుస్తుంది.

నా బాధ నామవాచకం గురించి కాదు, క్రియ గురించి. మనకు ‘పొడుచు’ అనే చక్కని క్రియ ఉంది. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటాం. పొద్దు పొడిచిందంటే సూర్యుడు ఈ ఉదయమే పుట్టాడని పల్లెలో పసివాడు కూడా అనుకోడు. ఉన్నదేదో మన కంటికి వచ్చిందని ఆ మాటకు అర్థం. సూర్యుడు ఉదయించే కొండను పూర్వకవులు పొడుపుమల, పొడుపుగొండ అన్నారు. ‘పొడ’ అంటే కనబడటం, జాడ. పొడచూపు అంటే కనిపించు. పొడగను అంటే చూచు, దర్శించు. ‘పొడగంటిమయ్య మిమ్ము పురుషోత్తమా’ అని అన్నమయ్య ఎంత ఆర్తిగా పాడాడో చూడండి! స్వామి అప్పుడే పుట్టాడని కాదు, భక్తుడి కంటికి ఇప్పటికి కనబడ్డాడని. పొడ, పొడుచు ఒకే ఇంటివని నా నమ్మకం, రూఢి అని మాత్రం చెప్పను. కత్తితో పొడవడం, కోడి పొడవడం, పొడుపు కథ విప్పడం వేరే సంగతులు.

ఇప్పుడు ఆకాశానికి వద్దాం. సప్తర్షి మండలం వైపు ఎం101 అనే గెలాక్సీ ఉంది. దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. అందులో 2011 ఆగస్టులో ఒక సూపర్‌నోవా, 2023 మే 19న ఇంకొకటి కనబడ్డాయి. రెండోదాన్ని జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి పట్టుకున్నాడు. ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికి దక్కిన ఫలం అది. ఆ వెలుగు బయలుదేరి 2.1 కోట్ల ఏళ్ళయింది. ‘మే 19న పేలింది’ అంటే కాలం తప్పుతుంది, ‘పుట్టింది’ అంటే అర్థమే తప్పుతుంది. ‘పొడిచింది’ అంటే రెండూ నిలుస్తాయి, ఆ క్రియ మన చూపు గురించి చెబుతుంది కనుక.

సూపర్‌నోవాల రకాలు విడదీయడంలోనూ చూపుదే పెత్తనం. వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, హైడ్రోజన్ గీతలు లేకపోతే ఒకటో రకం, ఉంటే రెండో రకం అని 1941లో ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ విడదీశాడు. ఎం101లో 2011 నాటిది ఒకటి-ఎ, అంటే హైడ్రోజన్ లేదు, సిలికాన్ ఉంది. శ్వేత కుబ్జ తార, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న చుక్క, పేలితే వచ్చేది ఈ రకం. 2023 నాటిది రెండో రకం, పెద్ద నక్షత్రం గర్భం కూలిపోయిన ఫలితం. చిక్కేమిటంటే ఒకటి-బి, ఒకటి-సి కూడా పెద్ద నక్షత్రాల చావులే. వాటి పైపొర హైడ్రోజన్ ముందే ఊడిపోవడంతో ఒకటో రకం వరుసలో చేరాయి. రూపం చూసి పెట్టిన వరుస అది, కారణం చూసి కాదు. కత్తి పొడవడాన్నీ పొద్దు పొడవడాన్నీ నిఘంటువు ఒకే చోట పెట్టినట్టే.

ఇంత మంచి క్రియను వదిలేసి ‘ఉదయించింది’, ‘ఆవిర్భవించింది’, ‘పుట్టింది’ అని ఎందుకు పాకులాడుతున్నారో నాకు అర్థం కాదు. పొద్దు పొడిచింది అని పిల్లల చేత రాయించే టీచర్లు కూడా తగ్గిపోయారు. ‘దూరపు గెలాక్సీలో కొత్త చుక్క పొడిచింది’ అని శీర్షిక పెడితే ఎంత బాగుంటుంది! ఒక్కటే అనుమానం. చుక్క పొడవడం రోజూ జరిగేదే కాబట్టి, ‘కొత్త’ లేకపోతే ఆ వాక్యానికి బలం చాలదేమో. ‘నక్షత్రం పేలింది’ అన్నా తప్పు లేదు, ఎప్పుడు పేలిందో కూడా చెబితే. ‘సూపర్‌నోవా పేలింది’ అని మాత్రం రాయకండి. ఆ పేలుడు పేరే సూపర్‌నోవా.