మోటారు కంటే ముందు గేటు చూసుకో

చిరంజీవి రవికి,

మామయ్య ఆశీస్సులు. కొత్తింటికి ఆటోమేటిక్ గేటు పెట్టిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పనే. ఏ మోటారు కంపెనీ మంచిదని అడిగావట. నా వెల్డింగ్ షాపుకొచ్చే వాళ్లూ ఇంతే, ముందు మోటారు గురించే అడుగుతారు.

ఇప్పుడందరికీ సీఎన్‌సీ కటింగ్ (కంప్యూటరు మెషిన్‌తో కోసే) డిజైన్ల షీటు గేట్ల మీదే మోజు. బరువు సంగతి ఎవరూ లెక్కేసుకోరు. 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు గేటుకి 2 ఎంఎం ఇనుప షీటు కొడితే, డిజైను కోయకముందు ఆ షీటే 105 కిలోలు తూగుతుంది. ఫ్రేము, చక్రాలు అదనం. అదే 3 ఎంఎం అంటే నూటయాభై దాటుతుంది. అల్యూమినియం పట్టీలతో చేయిస్తే ఖరీదెక్కువే గానీ తేలిగ్గా ఉంటుంది, తుప్పు బాధ ఉండదు. నన్నడిగితే అదే చేయించమంటాను.

నీది 30×60 స్థలం. కారు పెట్టాక రెక్కలు లోపలికి తెరిచే జాగా ఉండదు, రోడ్డు మీదికి తెరవకూడదు. కాబట్టి పక్కకి జరిగే స్లైడింగే. అయితే 12 అడుగుల గేటు జరగడానికి పక్కన ఇంకో 13 అడుగుల గోడ ఖాళీగా ఉండాలి. మీటరు పెట్టె, కుండీలు అక్కడ పెట్టించకు. అంత చోటు లేదంటే రెండు ముక్కలు ఒకదాని వెనక ఒకటి దూరే టెలిస్కోపిక్ రకం ఉంది. మనుషులకి మాత్రం చిన్న గేటు వేరే ఉండాల్సిందే. పాలవాడొచ్చినప్పుడల్లా మోటారు తిప్పుతామా?

మోటారు బిగించకముందే గేటుని ఒంటిచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి తోసి చూడు. ఎక్కడన్నా పట్టేస్తే, కింద చక్రాలు నడిచే ఇనుప పట్టా తిన్నగా కూర్చోలేదన్నమాట. "పెద్ద మోటారేస్తే అదే లాగేస్తుంది సార్" అంటారు, వినకు. బిగించాక గేటుకున్న పళ్ల పట్టీకీ, మోటారు పళ్ల చక్రానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. లేకపోతే గేటు బరువంతా మోటారు మీద పడుతుంది. కొన్నాళ్లకి చక్రాలరిగి గేటు దిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, అప్పుడప్పుడూ వంగి చూస్తుండు. పొద్దున్నే వాకిలి కడిగితే మట్టి, ఇసుక చేరేది ఆ పట్టాలోకే. చీపురు అక్కడ కూడా ఆడించమని చెప్పు.

డబ్బు మిగుల్చుకోకూడని చోట్లు రెండున్నాయి. ఒకటి, పట్టాకి రెండు కొసల్లోనూ గట్టి ఇనుప స్టాపరు. గేటు చివరికి రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్ ఉందిగా అని మానేస్తారు. అది పనిచేయని రోజున గేటు పట్టా దాటి మనిషి మీద పడుతుంది. రెండు, ఫొటోసెల్. అడ్డంగా ఎవరొచ్చినా గేటును ఆపేది అదే. మీ చిన్నాడు గేటు పట్టుకుని వేలాడే రకం కదా, అందుకే చెబుతున్నా. ఫొటోసెల్ లేకుండా దానంతటదే మూసుకునే సెట్టింగు అసలు పెట్టించకు.

కరెంటు సంగతంటావా, 24 వోల్టుల డీసీ మోటారు తీసుకో. బ్యాటరీ బ్యాకప్ తేలిగ్గా కలుపుకోవచ్చు, మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. మోటారుని విడదీసి చేత్తో తోసుకునే తాళంచెవి కూడా ఇస్తారు. దాన్ని బీరువాలో దాచకు, ఇంట్లో అందరికీ తిప్పడం నేర్పు. ఎర్తింగ్ సరిగ్గా వేయించి, కేబుల్ దూరే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించు. బల్లి దూరి మోటారు లోపలి సర్క్యూట్ కార్డు కాలిపోయిన గేట్లు చాలానే చూశాను.

రిమోటు రోలింగ్ కోడ్‌దే, అంటే నొక్కినప్పుడల్లా కోడ్ మారేదే కావాలని అడుగు. పాత ఫిక్స్‌డ్ కోడ్ రిమోటుకి వీధి చివర తాళాల షాపువాడు కూడా నకలు తీసిచ్చేస్తాడు. ఇక ఫోన్‌తో తీయడమంటే, గేటు దగ్గర వైఫై అందుతుందా చూసుకో. కెమెరాలో గేటు కనపడకుండా ఆఫీసు నుంచి మీట నొక్కొద్దు.

పిల్లర్లు పోయకముందే కేబుళ్ల పైపులు వేయించాలి. ఆదివారంలోగా ముందు గోడ కొలతలు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య