చిన్నీ, ఆ రాజీనామా ఇప్పుడే ఇవ్వకు

చిన్నీకి పెద్దమ్మ వందనాలు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. యూత్ క్యాంపు ఆఖరి రాత్రి "దేవుని పిలుపు విన్నవాళ్ళు లేచి నిలబడండి" అంటే చుట్టూ అందరూ లేచారనీ, నువ్వొక్కదానివే కూర్చుండిపోయావనీ రాశావు. దేవుడికి నువ్వెవరో కూడా తెలియదేమో అని ఏడుపొచ్చిందన్నావు. నర్సు ఉద్యోగం మానేసి బైబిల్ ట్రైనింగ్‌లో చేరితే అప్పుడైనా పిలుస్తాడేమో అన్నావు. వినపడనిది వినపడిందని నటించకుండా కూర్చున్నావు చూడు, అది నాకు నచ్చింది. అలాంటి సభలు నేను చాలా చూశాను. పక్కవాళ్ళను చూసి లేచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

మందిరంలో పెరిగిన పిల్లవాడు సమూయేలు కథ నీకు సండే స్కూల్ నుంచీ వచ్చు. ఈసారి మొదటి సమూయేలు మూడో అధ్యాయం తీసి ఏడో వచనం దగ్గర కాసేపు ఆగు. సమూయేలు అప్పటికి యెహోవాను ఎరగడని రాసి ఉంది. మందసం, అంటే దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె, ఉన్న మందిరంలోనే పడుకుంటున్నాడు, పొద్దస్తమానం ఆ పరిచర్యలోనే ఉన్నాడు, అయినా రాత్రి దేవుడు పిలిస్తే ఆ స్వరం గుర్తుపట్టలేకపోయాడు. ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు పరుగెత్తాడు. వాడికి దేవుడు తెలియకపోయినా దేవుడికి వాడి పేరు తెలుసు. వాడు తప్పు మనిషి దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ విసుక్కోకుండా మళ్ళీ అదే పేరు పెట్టి పిలిచాడు. నువ్వు భయపడుతున్నది సరిగ్గా దీనికి తలకిందులుగా: నాకు వినపడలేదు కాబట్టి ఆయన నన్ను ఎరగడని. నీ చెవిని బట్టి ఆయన నిన్ను గుర్తుపెట్టుకోడమ్మా.

ఆ కథలోనే ఇంకో సంగతి ఉంది, ప్రసంగాల్లో పెద్దగా చెప్పరు. అంత పెద్ద మాట విన్నాక సమూయేలు తెల్లారేదాకా పడుకున్నాడు, లేచి మందిరపు తలుపులు తీశాడు. విన్న మాట ఏలీ ఇంటి మీదికి వచ్చే శిక్ష గురించి. అది చెప్పడానికి భయపడ్డాడు, ఏలీ గట్టిగా అడిగితేనే చెప్పాడు. పిలుపు వచ్చినవాళ్ళందరూ వెలిగిపోతూ మైకు పట్టుకుంటారని ఎవరన్నారు?

ఫిలిప్పు యేసు దగ్గరికి తీసుకొచ్చిన నతనయేలు సంగతీ అంతే. "ఫిలిప్పు నిన్ను పిలువకమునుపే, నీవు ఆ అంజూరపు చెట్టు క్రింద ఉన్నప్పుడే నిన్ను చూచితిని" అన్నాడు ప్రభువు. ఆ చెట్టు కింద అతను ప్రార్థన చేస్తున్నాడో, కునికిపాట్లు పడుతున్నాడో యోహాను రాయలేదు.

మీ వార్డులో అందరూ "పన్నెండో బెడ్", "ఏడో బెడ్" అంటారనీ, నువ్వు పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరవని ముసలాయన కూడా ఊ కొడతాడనీ ఓసారి చెప్పావు గుర్తుందా? ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియకూ అదే జరిగింది. యేసు ఎదుట నిలబడినా పోల్చుకోలేదు, తోటమాలి అనుకుంది. "మరియా" అనేసరికి తెలిసిపోయింది.

ఇక ఉద్యోగం మాట. సేవ అంటే పాస్టరమ్మ కావడమే అనుకుంటున్నావు. నిర్గమకాండం 31 చదువు. దేవుడు పేరు పెట్టి పిలిచానని చెప్పి, తన ఆత్మతో నింపిన బెసలేలు ప్రసంగీకుడు కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్ళు చెక్కడం, కర్ర చెక్కడం, ఇదీ అతని పిలుపు. నైట్ డ్యూటీలో సెలైన్ మార్చేదానివి నువ్వు ఎందుకు తక్కువైపోయావు?

అయినా నిజంగానే ఆయన నిన్ను వేరే పనికి పిలుస్తూ ఉండొచ్చు, కాదనను. అలా అయితే నువ్వు కొన్నాళ్ళు ఆగినా ఆ పిలుపు చెడిపోదు. మన ఒంగోలు సంగతే చూడు. 1876-78 మహా కరువు రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇప్పించాడు. బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళకు మాత్రం అప్పుడు ఇవ్వలేదు, తిండి కోసం వస్తున్నారేమో అని. కరువు సాయం అయిపోయాక కూడా వాళ్ళు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరిద్దరు చొప్పున బోధకులు వంతులు మారుతూ, ఒక్కొక్కరినీ విడిగా ముంచి లేపారు. అంత మందిలో కూడా గుంపు లెక్కన ఎవరినీ తేల్చలేదు.

కాబట్టి క్యాంపు వేడి చల్లారనివ్వు. ఈలోగా జనవరి ఒకటిన గుడిలో తీసిన, వచనం రాసిన వాగ్దానపు కార్డునే తిప్పి తిప్పి చూడకు, బైబిలు కళ్ళు మూసుకుని తెరిచి వేలు పెట్టకు. మార్కు సువార్త మొదటి నుంచి వరసగా చదువు, పదహారు అధ్యాయాలే. ఆయన ఎవరిని ఎలా పిలిచాడో అందులోనే కనపడుతుంది. రాత్రి ప్రార్థనలో పెద్ద పెద్ద మాటలు వెతకొద్దు. ఆ రోజు వార్డులో ఏం జరిగిందో, ఎవరి మీద కోపం వచ్చిందో అది చెప్పు. 139వ కీర్తన ఒక్కటి నోటికి రానివ్వు.

ఎవరైనా వచ్చి "దేవుడు నీ గురించి నాకు బయలుపరిచాడు" అంటే వినయంగా విని ఊరుకో. ముఖ్యంగా అందులో డబ్బు గానీ, పెళ్ళి గానీ ఉంటే అస్సలు తలూపకు. నిన్ను పేరు పెట్టి పిలవగలిగినవాడు నీతో కూడా ఓ మాట చెప్పగలడు. అలాగని ఒంటరిగానూ తేల్చుకోకు. సమూయేలుకు సైతం ఏలీ కావాల్సి వచ్చింది, అదీ చూపు మందగించి, కొడుకుల్ని అదుపులో పెట్టుకోలేకపోయిన ఏలీ. మీ సంఘంలో నిన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన, నీ వల్ల ఏ లాభమూ లేని పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమె దగ్గర కూర్చో.

రాజీనామా టైపు చేసి పెట్టావన్నావు కదా, ఫోన్‌లోనే ఉండనీ, పంపకు. క్రిస్మస్‌కి ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటికీ వెళ్ళాలనే ఉంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ