జీతం బ్యాంకులో పడే చోటే ఏప్రన్ కట్టుకో

కావలి నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అక్కా, ఇటలీలో బొలోన్యాలో మాస్టర్స్‌కి సీటొచ్చింది. మా అమ్మ బస్టాండు దగ్గర చిన్న మెస్సు నడుపుతుంది, వంటింట్లోనే పెరిగినోణ్ణి. అక్కడ చిన్న ఇటాలియన్ హోటల్లో పని చేస్తే ఖర్చులు వెళ్తాయా? పంది, గొడ్డు మాంసం ముట్టుకోవాల్సొస్తదా?"

ఖర్చులన్నీ వెళ్లవు. స్టూడెంటు పర్మిట్ (చదువు కోసం అక్కడ ఉండనిచ్చే అనుమతి) మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు మించి పని చెయ్యకూడదు. ఆ జీతంతో బొలోన్యాలో గది అద్దె, తిండి రెండూ వెళ్లడం కష్టం. ప్రాంతీయ స్కాలర్‌షిప్పు వస్తే దాన్ని గదికీ తిండికీ పెట్టుకో, హోటలు డబ్బు పైఖర్చులకి ఉంటుంది. అయినా పని చెయ్యమనే చెప్తా. యూనివర్సిటీలో పాఠాలు ఇంగ్లీషులో జరిగిపోతాయి, స్నేహితులంతా మనవాళ్లే ఉంటారు, రెండేళ్లున్నా ఇటాలియన్ నోట పలకదు. నలుగురు మనుషులుండే వంటింట్లో అయితే మూడు నెలల్లో మాటలొచ్చేస్తాయి. వెనక నుంచి వేడి గిన్నె పట్టుకొచ్చేవాడు "దియేత్రో!" (వెనక ఉన్నా!) అని అరిస్తే పక్కకి జరగాలని డిక్షనరీ చూసి నేర్చుకోవక్కర్లేదు.

చిన్న ట్రాటోరియాలో, అంటే కుటుంబం నడిపే హోటల్లో, మొగుడు హాల్లో ఉంటాడు, పెళ్లాం పొయ్యి దగ్గరుంటుంది, అత్తగారు పిండి వత్తుతుంటుంది. మీ మెస్సు లాగే ఉందే అనిపిస్తుంది, నిన్ను ఇంటి పిల్లాడిలాగే చూస్తారు కూడా. జాగ్రత్త అక్కడే పడాలి. "ఇంట్లో మనిషివేగా, కాగితాలెందుకు" అనే మాట మన ట్రంకు రోడ్డు హోటళ్లలోనే కాదు, అక్కడా వినపడుతుంది. ఇటలీలో చట్టం పెట్టిన కనీస వేతనమంటూ లేదు. ఏ పనికెంత ఇవ్వాలో ఆయా రంగాల్లో యజమానులూ కార్మిక సంఘాలూ చేసుకున్న జాతీయ ఒప్పందాల్లో ఉంటుంది. నీ కాంట్రాక్టులో ఆ ఒప్పందం పేరు, నీ స్థాయి, గంటలు రాసి ఉండాలి. 2018 జూలై నుంచి జీతం నగదుగా చేతిలో పెట్టడం చట్టవిరుద్ధం, బ్యాంకు ద్వారానో చెక్కుతోనో ఇవ్వాల్సిందే. నోట్లు జేబులో పెట్టి నెలాఖరుకి పే స్లిప్ ఇవ్వని చోట ఒక్క వారం కూడా ఉండొద్దు. చెయ్యి కోసుకున్నా, నూనె మీద పడినా నువ్వు అక్కడ పనిచేస్తున్నట్టు రుజువేది? పర్మిట్ రెన్యువల్‌కి కూడా అదే తలనొప్పి. అందుకే ముందు ఇటలీలో దిగిన 8 పనిదినాల్లో పర్మిట్‌కి దరఖాస్తు పెట్టు, కోదిచే ఫిస్కాలే (మన పాన్ నంబరు లాంటిది) తీసుకో, బ్యాంకు ఖాతా తెరువు. ఆహార భద్రత శిక్షణ కూడా అడుగుతారు. ఏప్రన్ సంగతి ఆ తర్వాత.

ఇక వంట. మెస్సులో పెరిగావు కాబట్టి కత్తి పట్టు, వేగం, రద్దీ తట్టుకోవడం నీకుంటాయి. అవి పనికొస్తాయి, రుచి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. మనకి నూనె కాగి ఆవాలు చిటపటలాడాలి, ఉల్లిపాయ ఎర్రబడాలి. వాళ్లు ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ సన్నగా తరిగి సన్న సెగ మీద మగ్గిస్తారు, రంగు మారనియ్యరు. ఎర్రబడిందంటే మూకుడు దించి మళ్లీ మొదలుపెట్టమంటారు. ఆ ఓపిక మనకి వెంటనే రాదు.

బొలోన్యా వైపు ఇంటి పాస్తా అంటే గుడ్డుతో చేసిందే. 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు, నీళ్లు పొయ్యరు. పిండి 00 రకం, మన మైదాకి దగ్గరగా ఉంటుంది. పది పదిహేను నిమిషాలు మర్దించి, మూతపెట్టి అరగంట వదిలేసి, పొడుగాటి కర్రతో చెక్కబల్ల మీద వత్తుతారు. వెనక చెయ్యి పెడితే నీడ కనపడాలి. చపాతీ కర్ర పట్టిన చేతికి అది కష్టమేం కాదు. ఆ పిండిని రిబ్బన్లలా కోస్తే తల్యాతెల్లె పాస్తా. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లుండాలని 1972లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేశారు, అక్కడ బంగారు నమూనా కూడా పెట్టారు. 1982లో రగూ (పాస్తాలో కలిపే మాంసం సాసు) వంటకాన్నీ అలాగే నమోదు చేసి, 2023లో సవరించారు. అందులో వెల్లుల్లి లేదు, మిరపకాయ లేదు. "కొంచెం కారం తగిలితే బాగుంటదబ్బా" అని నీకనిపిస్తుంది. మనసులోనే ఉంచుకో. చేపల పులుసులో మామిడికాయ తీసేసి కెచప్ పోస్తానంటే మీ అమ్మ ఊరుకుంటుందా?

బియ్యం విషయంలో నెల్లూరోళ్లం ఇంకా ఇబ్బంది పడతాం. మొలగొలుకులు కడిగి కడిగి వండిన చెయ్యి రిజోత్తో (చిక్కగా ముద్దగా వండే ఇటాలియన్ అన్నం) బియ్యం చూడగానే నీళ్ల దగ్గరికి పోతుంది. కడగొద్దు. పైనున్న గంజి పదార్థమే దాన్ని చిక్కబరుస్తుంది. పాస్తా ఉడికిన నీళ్లు కూడా పారబొయ్యకు, ఒక గరిటె సాసులో పోస్తేనే అది పాస్తాకి పట్టుకుంటుంది. లీటరు నీళ్లకి పది గ్రాముల ఉప్పు, నూరు గ్రాముల పాస్తా, అదీ లెక్క.

మాంసం సంగతి దాచను. రగూలో గొడ్డుమాంసం, పంది పొట్టభాగం మాంసం రెండూ ఉంటాయి. తోర్తెల్లీని అనే చిన్న పాస్తా లోపల కూరేది పందిమాంసం, హ్యామ్, మోర్తదెల్లా అనే పంది సాసేజ్. గిన్నెలు కడగాలన్నా ముట్టుకోవాల్సిందే. తినమని మాత్రం ఎవరూ బలవంతపెట్టరు. పనిలో చేరిన రోజే చెప్పు, సిబ్బంది భోజనంలో టమాటా పాస్తా వేరే పెడతారు. రుచి చూడకుండా పొయ్యి దగ్గర పైకి రాలేవు కానీ, పిండి వత్తడం, కూరగాయలు తరగడం, తీపి వంటలు ఉన్నాయి. పూర్తి శాకాహారులైతే పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారని తెలుసుకోండి. ఎవరైనా కస్టమర్ "గింజలున్నాయా, పాలున్నాయా" అంటే ఊహించి చెప్పొద్దు, షెఫ్‌ని అడుగు. యూరప్ నిబంధనల్లో 14 అలెర్జీ పదార్థాల సమాచారం ఇవ్వడం తప్పనిసరి.

వేళలు కూడా చూసుకో. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా, మధ్యలో ఖాళీ. రాత్రి బస్సు ఎప్పటిదాకా ఉందో చూసుకుని గది తీసుకో. లేదా పాత సైకిలు కొనుక్కో, ఊరు చాలావరకు చదునే.

ఆగస్టులో దిగితే పని కోసం అప్పుడే తిరగకు. 15న ఫెర్రగోస్తో పండగ, చిన్న హోటళ్లు చాలా వరకు ఆ నెలలో మూసేసి సముద్రానికి పోతారు. సెప్టెంబరు మధ్యలో, రెజ్యూమె ఒక్క పేజీలో ఇటాలియన్‌లో రాయించుకుని, మూడు దాటాక, బల్లలు తుడుస్తున్న వేళ వెళ్లు. భోజనాల రద్దీలో వెళ్లి అడిగేవాణ్ణి చూస్తేనే "వీడికి హోటలు పని తెలీదు" అనుకుంటారు.