ఫార్ములాలు వచ్చినా సంభావ్యత లెక్కలు ఎందుకు తప్పుతాయి?

"హైస్కూలు సంభావ్యతలో ఫార్ములాలన్నీ కంఠతా వచ్చు, అయినా జవాబులు తప్పుతున్నాయి, ఎలా చదవాలి?" అని అడిగారు. తప్పు ఫార్ములాలో ఉండదు. దానికి ముందే, పర్యవసానాలు (జరగగల ఫలితాలు) రాసుకునే దగ్గర జరిగిపోతుంది.

రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత? రెండు బొమ్మలు, ఒక బొమ్మ, అసలు బొమ్మే లేదు; మూడింటిలో రెండు మనకి కావలసినవే కాబట్టి 2/3 అని రాసేస్తారు. దలాంబేర్ అంతటి గణితవేత్త కూడా 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో 2/3 అనే రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే రెండోసారి ఎగరేసే పనే లేదు, కాబట్టి ఉన్నవి మూడే దారులన్నాడు: మొదటే బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండుసార్లూ బొరుసు. మూడు దారులున్న మాట నిజమే, కానీ అవి సమసంభవాలు కావు, అంటే అన్నిటి సంభావ్యతా ఒకటే కాదు. మొదటిదాని సంభావ్యత 1/2, మిగతా రెంటికీ చెరో 1/4. జవాబు 3/4.

అందుకే ఒక నాణెం మీద ఇంకుతో చుక్క పెట్టండి. చుక్క నాణెం బొమ్మ, రెండోది బొరుసు. చుక్క నాణెం బొరుసు, రెండోది బొమ్మ. ఇవి రెండు వేర్వేరు పర్యవసానాలని అప్పుడు కంటికే కనిపిస్తుంది. పాచికలకైతే ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది అనుకుని 6×6 గడుల పట్టిక గీయండి. మొత్తం 7 వచ్చే గడులు 6, మొత్తం 8 వచ్చేవి 5. స్వతంత్ర ఘటనలంటే, ఒకటి జరిగిందని తెలిసినా రెండోదాని సంభావ్యత మారనివి. అదీ ఆ పట్టికే చెబుతుంది. ఎర్ర పాచిక మీద 3 పడిందని తెలిశాక మొత్తం 7 అయ్యే సంభావ్యత 1/6, తెలియక ముందూ 1/6. అదే మొత్తం 8 అయితే 5/36 కాస్తా 1/6 అవుతుంది, అంటే స్వతంత్రం కాదు. పరస్పర వివర్జిత ఘటనలనీ స్వతంత్ర ఘటనలనీ ఒకటే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదంటే, అంతకు మించిన ఆధారపడటం ఏముంటుంది?

"కనీసం ఒకసారి" అన్న మాట కనబడగానే ఒక్కసారీ జరగని సంభావ్యత కట్టి 1లోంచి తీసేయండి. పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యత 4/6 కాదు. అలా కూడుకుంటూ పోతే ఆరుసార్లకి 6/6, అంటే ఆరు పడి తీరాలి! సరైనది 1−(5/6)⁴ = 671/1296, సగం కన్నా కొంచెం ఎక్కువ.

సంభావ్యత సంగతి అలా ఉంచితే, నాకు అసలు బాధ సాంఖ్యక శాస్త్రం చెప్పే తీరు గురించి. అక్కడా అంతే, ఫార్ములాకి ముందు చూడాల్సింది చూడరు. తరగతి అంతరాల (0–10, 10–20 లాంటివి) పట్టిక ఇచ్చి మధ్యగతం (వరసలో పేర్చితే నడిమిన వచ్చే విలువ) సూత్రంలో అంకెలు వేయిస్తారు, దత్తాంశాన్ని, అంటే అసలు విలువలను మాత్రం ఎవరూ చూడనివ్వరు. 2, 3, 3, 4, 38 తీసుకోండి. సగటు 10, మధ్యగతం 3. ఐదింటిలో నాలుగు ఆ సగటుకి ఆమడ దూరంలో ఉన్నాయి. ఆ 38 నిజమైన విలువా, 3.8లో చుక్క మర్చిపోయారా అని ముందు అడగాలి. 3.8 అయితే సగటు 3.16కి దిగిపోతుంది, మధ్యగతం ఉన్నచోటే ఉంటుంది. ఈ ఒక్క లెక్క చేయించాకే ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) జోలికి వెళ్లాలి.