పత్రిక చేపట్టిన అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,
పెద్దనాన్న ఆశీస్సులు.

మీ యూనివర్సిటీ తెలుగు పరిశోధన పత్రికకు నిన్ను సంపాదకురాలిగా వేశారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. కాపీ వ్యాసాలు నీ చేతికీ వస్తాయేమోనని బెంగ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నాను.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. కాపీలను పట్టుకోవడానికి శోధశుద్ధి పథకం కింద యూనివర్సిటీలకిచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వ్యాసాన్నీ పరీక్షించు. సొంత రచనేనని రచయితలందరి చేతా సంతకాలు పెట్టించు. కాపీ రచనల మీద 2018 నాటి యూజీసీ నిబంధనలు దగ్గర పెట్టుకో. పోలికలు 10 శాతం దాటకపోతే శిక్ష లేదని వాటిలో ఉంది కదా అని ఆ అంకె చూసి వదిలెయ్యకు. 9 శాతమే అయినా, అది వ్యాసానికి ప్రాణమైన ప్రతిపాదనే కావచ్చు. ఇంగ్లీషులోంచి తెలుగులోకి దింపేసినవి యంత్రానికి చాలాసార్లు దొరకవు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన థీసిస్‌లూ అంతే. థీసిస్‌లను ఇంటర్నెట్‌లో భద్రపరిచే శోధగంగకు ఎక్కకుండా లైబ్రరీ అలమరాల్లో పడి ఉన్నవైతే ఇక చెప్పక్కర్లేదు.

నా భయమంతా అక్కడే. నేను సహాయ సంపాదకుడిగా ఉన్నప్పుడు నాట్ల పాటల మీద ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన పేరున్న అధ్యాపకుడు. ఆ గౌరవం కొద్దీ మా సంపాదకులు వేరే పండితుల సమీక్షకు కూడా పంపకుండా అచ్చుకిచ్చేశారు. కొన్నాళ్లకు ఒక అమ్మాయి తన ఎం.ఫిల్. టైపు ప్రతి పట్టుకుని ఆఫీసుకొచ్చింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాం. మాటలు చాలానే మార్చాడాయన. కానీ పాడుతున్న ముసలమ్మకు దగ్గు తెర వచ్చి ఒక చరణం తెగిపోతే, ఆ పిల్ల అక్కడ చుక్కలు పెట్టుకుంది. వ్యాసంలోనూ సరిగ్గా అక్కడే చుక్కలు! ఊరి పేరులో ఆమె చేసిన టైపు తప్పు కూడా అలాగే దిగిపోయింది.

అంత స్పష్టంగా కనిపించినా మా సంపాదకులు ‘పోనీలే, పెద్దాయన పరువు’ అన్నారు. తర్వాతి సంచిక చివరి పేజీలో, ఆధారాల పట్టికలో ఒక పేరు జారిపోయిందని రెండు లైన్లు వేసి ఊరుకున్నారు. ఆ తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ అమ్మాయినే అడిగారట, ‘ఇది ఫలానా వారి వ్యాసం చూసి రాశావా’ అని. ఆమె మళ్లీ ఏ పత్రికకూ రాయలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అచ్చయిన వ్యాసంలో 40 శాతం దాటి 60 శాతం దాకా కాపీ అని తేలితే, ఆ నిబంధనల ప్రకారం రాసినవాళ్ల ఒక ఇంక్రిమెంటు పోతుంది, రెండేళ్లు కొత్త పరిశోధకులను తీసుకోకూడదు. దాంతో తమ రచన పోగొట్టుకున్నవాళ్లకు ఒరిగేదేముంది? వాళ్ల పేరు వాళ్లకు తిరిగి రావాలంటే నువ్వు ప్రకటన వెయ్యాలి. ముందు రచయితను నింద వెయ్యకుండా వివరణ అడుగు. రుజువైతే ఎవరి రచనలోంచి ఏ భాగం తీశారో తేటగా రాసి వ్యాసాన్ని ఉపసంహరించు. వెబ్‌సైట్‌లోంచి మాయం చెయ్యకు. ఉపసంహరించినట్టు ముద్ర వేసి అక్కడే ఉంచమని పరిశోధన పత్రికల నైతిక నియమాలు చూసే కోప్ (COPE) అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మొదటిసారి రాసే పిల్లలు కొటేషన్ గుర్తులు ఎక్కడ పెట్టాలో తెలియక చిక్కుల్లో పడతారు. నీకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. వాళ్ల మీద విరుచుకుపడకు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పు.

మీ గైడు గారి వ్యాసమైనా సరే, పేరు తీసేసే సమీక్షకు పంపు. ఆ విషయంలో ఎవరైనా ఒత్తిడి తెస్తే ఒక్కదానివే మథనపడకు. ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దనాన్న